క్యాలెండర్ గళ్లల్లో వదిన

పోయిన నెల ఒక పొద్దున, ఇంకా చాయ్ గిన్నె పొయ్యి మీద ఉండగానే, మా పక్క క్వార్టర్ అన్న చేతికర్ర పట్టుకొని మా గడపలో నిలబడి "పా" అన్నాడు. మా వైపు తెలుగులో పా అంటే నడువు, పోదాం అని. పక్షవాతం వచ్చాక ఆయనకు మిగిలిన మాటలు మూడే. అందులో ఇదొకటి. బజారుకైనా పా, ఆస్పత్రికైనా పా, పళ్లెం ముందుకు వస్తే తిందాం పా. ఏ పా దేనికో కాసేపు ఆలోచిస్తే గాని నాకు అంతుపట్టేది కాదు. ఆ రోజు ఆలోచించే పని పడలేదు. మా ఆవిడ పొయ్యి ఆర్పేసింది. వెళ్లి చూస్తే వదిన గోడవైపు తిరిగి పడుకొని ఉంది, ఇంకొంచెం సేపు లేపొద్దు అన్నట్టు.

వదిన అంటే చుట్టమేమీ కాదు. ఆయన నాకంటే ముందు గనిలో చేరాడు కాబట్టి అన్న, ఆమె వదిన. గని కాలనీల్లో చుట్టరికాలు గోడల్ని బట్టి వస్తాయి. మా రెండు క్వార్టర్లకూ మధ్యన ఒకటే గోడ. అటు మేకు కొడితే ఇటు సున్నం రాలుతుంది. చంద్రపూర్ నుంచి ఘుగ్గుస్ పోయే దారిలో, పొద్దున తుడిచిన అరుగు మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాసుకోగలిగినంత దుమ్ములో, ఆ గోడకు అటూ ఇటూ మేం ముసలివాళ్లమయ్యాం.

ఆమె గురించి పత్రికలో రాయడమేమిటి అని మీరు అడగవచ్చు. ఆమె బొమ్మలు గీసేది. తన ఇంటి కథనే, తన మొగుడి జబ్బునూ తన జబ్బునూ, గడి తరువాత గడిగా గీసింది. పట్నాల్లో ఇట్లాంటివి పుస్తకాలుగా వస్తాయని, వాటిని కొనుక్కొని చదువుతారని ఈమధ్యే ఒకాయన చెప్పాడు. వదినకు ఆ సంగతి తెలియదు. ఆమెది పుస్తకం కాదు, వంటింటి గోడకు వేలాడే మరాఠీ క్యాలెండర్.

ఆ క్యాలెండర్ గురించి కొంచెం చెప్పాలి. తెలంగాణలో ఉన్నవాళ్లకు క్యాలెండర్ అంటే దేవుడి బొమ్మ, కింద చిన్న తేదీలు. మహారాష్ట్రలో అట్లా కాదు. ఇక్కడ పేజీకి ఒక నెల, రోజుకు ఒక పెద్ద గడి. ఆ గడిలో తిథి, నక్షత్రం, పున్నమికి తెల్లటి చంద్రుడు, అమావాస్యకు నల్లటి బిళ్ల. పేజీ వెనకకు తిప్పితే వంటలు, రాశిఫలాలు, మోకాళ్ల నొప్పికి చిట్కాలు. పక్కనే మేకుకు దారంతో కట్టిన పెన్ను. పాలు వచ్చిన రోజు గడిలో ఒక గీత. ఏ మతం ఇల్లయినా ఇంతే. వదిన వాళ్లు చర్చికి పోయేవాళ్లు, అయినా ఏకాదశి ఎప్పుడో ఆమెకు మా ఆవిడకంటే ముందు తెలిసేది.

నాకు ఈ చదవడాలూ రాయడాలూ బడిలో అబ్బినవి కావు. ఇక్కడ తెలుగు బడి ఎక్కడిది. గనిలో నా పని లాంపు రూములో, దిగేవాళ్లకు దీపం ఇచ్చి, ఎక్కివచ్చేవాళ్ల దగ్గర తిరిగి తీసుకోవడం. మధ్యలో ఊరికే కూర్చునే సమయం చాలా. మంచిర్యాల నుంచి వచ్చే పచ్చడి జాడీలకు చుట్టిన తెలుగు కాగితాలు అక్కడే కూడబలుక్కున్నాను. అందుకే నా తెలుగుకు కొంచెం మామిడికాయ వాసన. వదినది ఇంకో దారి. మాట్లాడేది తెలుగు, ఐదో తరగతి దాకా చదివింది మరాఠీ. బొమ్మల్లో ఎవరైనా మాట్లాడితే ఆ తెలుగు మాటలను మరాఠీ అక్షరాల్లో రాసేది. నేను చదవలేక ఆగితే, "బొమ్మ సూడు మర్దీ, అక్షరాలతోని నీకేం పని" అనేది.

అన్నకు పక్షవాతం వచ్చి ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చిన వారం అది మొదలైంది. కుడి పక్క పడిపోయింది, మాట పడిపోయింది. ఎదుటివాళ్ల మాట మాత్రం అంతా అర్థమయ్యేది. ఇయ్యాల ఏ వారమో, పొద్దున ఏం జరిగిందో ఆయనకు రోజూ చెప్తూ ఉండమని డాక్టర్ చెప్పాడట. చెప్పి చెప్పి వదిన గొంతు బొంగురుపోయింది. ఒక రోజు పాల గీత గీస్తూ గీస్తూ, పక్కన మిగిలిన జాగాలో ఒక సొరకాయకు మీసం పెట్టి మంచం మీద పడుకోబెట్టింది. అన్నకు చూపించింది. ఆయన చాలాసేపు చూసి, "ఏంది" అన్నాడు. అది ఆయనకు మిగిలిన రెండో మాట. మూడోది మరాఠీ, "అసూ దే." అంటే పోనీలే, ఉండనీ అని. ఈ మూడు మాటలతో మనిషి సంసారం నడపవచ్చని అన్నను చూసే తెలుసుకున్నాను. నాకు మూడు వేల మాటలు వచ్చు, మా ఇంట్లో ఒక్కటీ చెల్లదు.

వదినకు మొహాలు గీయడం రాదు. మీసం మీదే నడిపించింది. మూతి వంకరపోయినప్పుడు అన్న మీసం ఒక కొస పైకి, ఒక కొస కిందికి ఉండేది. ఆ కొస ఎంత పైకి లేస్తే అంత నయమైనట్టు. గడియారం ముల్లు చూసినట్టు మేమంతా ఆ మీసాన్ని చూసేవాళ్లం. మా ఆవిడ గోడకు ఇవతలి నుంచే, "అక్కా, ఇయ్యాల మీసం ఎట్లుంది?" అని అరిచేది. అటు నుంచి, "నిన్నటి లెక్కనే ఉంది చెల్లె, జర మబ్బు పట్టింది" అని జవాబు.

అన్నం తినిపించడం గీసింది. దేకుతూ దేకుతూ గడప దాటిన రోజు గీసింది. పున్నమి గడి వస్తే అందులోని చంద్రుణ్ణే అన్న బట్టతల చేసి కింద మీసం తగిలించింది. స్నానం పోయడం మాత్రం మాటిమాటికీ గీసేది, ఇంట్లో అంతకంటే పెద్ద యుద్ధం మరొకటి లేదు కాబట్టి. ఆ బొమ్మలో ప్లాస్టిక్ స్టూలు మీద సొరకాయ, నూలుపోగు లేకుండా. గడి అంచు నుంచి గాజులున్న ఒక చెయ్యి, చేతిలో చెంబు. అంతే. చెయ్యి ఎవరిదో చెప్పక్కర్లేదు.

ఇక్కడే మా ఆవిడ రంగంలోకి దిగింది. కొత్త సంవత్సరం వచ్చాక పాత క్యాలెండర్‌ను ఈ ఊళ్లో ఎవరూ పారేయరు. మంచి దళసరి కాగితం. బడులు తెరిచే దాకా దాచి పిల్లల పుస్తకాలకు అట్టలు వేస్తారు. వదిన వంటింట్లో చుట్టగా పడి ఉన్న పాత సంవత్సరాన్ని మా ఆవిడ ఎప్పటిలాగే అడిగి తెచ్చుకుంది. వదిన కూడా ఎప్పటిలాగే ఇచ్చింది. మా మనవరాలి పుస్తకాలకు వేయగా మిగిలినవి మా క్వార్టర్ల లైన్లో పిల్లలందరికీ పంచింది. బొమ్మలున్న వైపు పైకి పెట్టింది, చూడ ముచ్చటగా ఉంటుందని.

పిల్లలు పాఠాలు చదివారో లేదో గాని అట్టలు చదివారు. వారం తిరిగేసరికి, సాయంత్రం కర్రతో నడక నేర్చుకుంటున్న అన్నను చూసి బడి నుంచి వచ్చే గుంపు, "ఆజోబా, ఆంఘోళ్ ఝాలీ కా?" అని పలకరించడం మొదలుపెట్టింది. తాతా, స్నానం అయ్యిందా అని. ఎగతాళి కూడా కాదు, ప్రేమే. పుస్తకం అట్ట మీది మనిషి రోడ్డు మీద నడిచివస్తే ఎవరికి సంతోషం ఉండదు.

కాని అన్న గనిలో సర్దార్. భూమి కింద ఆయన చెయ్యెత్తితే మనుషులంతా నిలబడిపోయేవాళ్లు, ఆయన పైకప్పు తట్టి చూసి తల ఊపితే గాని కదిలేవాళ్లు కాదు. ఆ మనిషి బట్టల్లేకుండా స్టూలు మీద కూర్చున్న సంగతి రెండో తరగతి పుస్తకం మీద ఉంది. ఆయన ఇంటికి పోయి గోడకున్న కొత్త క్యాలెండర్‌ను తిరగేసి తగిలించాడు. బొమ్మలు గోడవైపు, వంటకం ఇటువైపు. ఆ నెల వెనక వైపు మోదకాలు చేసే విధానం ఉంది.

"ఏందయ్యా, మోదకాలు చెయ్యమంటున్నవా?" అంది వదిన.

ఆయన నవ్వలేదు. అది చిన్న సంగతే. పెద్ద సంగతి మరునాడు జరిగింది. స్నానానికి చెయ్యి పట్టుకోబోతే విదిలించుకున్నాడు. తలుపు వేసుకొని, ఒంటి చేత్తో, ఆ తడి బండల మీద తనే పోసుకుంటానని. వదిన తలుపు బయట నిలబడి లోపల చెంబు పడ్డ చప్పుడల్లా వింటూ ఉండేది. అన్నం కూడా తానే కలుపుకునేవాడు, సగం కింద పోసుకుంటూ. ఆమె చెయ్యి తగలనివ్వలేదు. ముందెప్పుడూ భయపడని మనిషి అప్పుడు భయపడింది. పడిపోతాడని కొంత. ఇక తనను దగ్గరికి రానివ్వడేమోనని ఎక్కువ.

మా ఆవిడ పోయి ఏడ్చింది. "నా చేతులు ఇరిగిపోను అక్కా, నాకేం ఎర్క గిట్లయితదని."

"ఇరగనియ్యకే తల్లీ," అంది వదిన. "నీ చేతులు ఇరిగితె నీకు తానం పోసేదెవలు, మర్దా? గాయినకు చాయ్ గిలాస కడుగుడే రాదు."

నేను అక్కడే ఉన్నాను. గ్లాసు చేతిలోనే ఉంది.

గోడ మీద మోదకాలు అట్లాగే ఉన్నాయి. వదిన గీయడం మానేసింది. పాల గీత కూడా మానేసింది. ఆ గోడకు ఇవతల మాకు కూడా రోజులు ఏవేవో తెలియకుండా పోయాయి, పొగమంచులో బండి పోతున్నట్టు. అప్పుడొక పొద్దున అన్న తనంతట తాను లేచి వచ్చి క్యాలెండర్‌ను మళ్లీ ఇటు తిప్పాడు. వదినను పిలవడానికి మాట లేదు, కర్రతో నేల మీద కొట్టాడు. కర్ర చప్పుడుకు నేనూ వెళ్లాను. స్నానం బొమ్మ ఉన్న ఒక గడి మీద వేలు పెట్టాడు. సొరకాయను చూపి తన గుండె తట్టుకున్నాడు. తరువాత గడి అంచున ఉన్న గాజుల చెయ్యిని చూపాడు. ఆ చెయ్యి వెంట వేలిని గడి దాటించి, పక్కనున్న ఖాళీ గోడ మీదికి పోనిచ్చి, "ఏంది?" అన్నాడు.

వదినకు అర్థమైంది. "నేనేడున్న అంటున్నవా? నేను గీసేదాన్ని. గీసేటోళ్లు బొమ్మల ఎట్లుంటరు?"

"ఏంది?" అన్నాడు మళ్లీ, గోడ తడుతూ.

"నేనేం మంచిగుంట చూడనీకి? చీర నానిపోయి, కొప్పూడిపోయి, నిన్ను తిట్టుకుంట."

ఆయన దారానికున్న పెన్ను లాగి ఆమె చేతిలో పెట్టాడు.

మరునాటి గడిలో వదిన మొదటిసారి నిండుగా కనిపించింది. మోకాళ్ల మీద కూర్చొని, ఊడిన కొప్పుతో, నోరు తెరిచి తిడుతూ, స్టూలు మీదున్న మనిషికంటే ఎక్కువ తడిసిపోయి. నేను చూసి నవ్వాను. వదిన నవ్వలేదు. అప్పుడామె చెప్పిన మాట ఇప్పటికీ మా కాలనీలో తిరుగుతోంది. "ఒక్కలు తడిస్తె సిగ్గు మర్దీ, ఇద్దరు తడిస్తె సంసారం." తలుపు వేసుకోవడం ఆ రోజుతో ఆగిపోయింది.

అప్పటి నుంచి పాత క్యాలెండర్లు ఎవరికీ ఇవ్వలేదు. కొత్తది పాతవాటి మీదే, అదే మేకుకు. ఎండాకాలం మధ్యాహ్నాలు ఈ ఊళ్లో ఎట్లుంటాయో మీకు తెలియదు. కాకి కూడా రెక్క కదపదు. నేను వాళ్ల వంటింటి గుమ్మంలో చల్లటి బండ మీద నడుం వాల్చేవాణ్ణి. ఫ్యాన్ గాలికి పేజీలు లేచి పడుతుంటే వైశాఖం కింద నుంచి శ్రావణం తొంగిచూసేది, ఈ ఏడాది మీసం కింద నుంచి నిరుటి మీసం. కునుకు పట్టేది. కలలో గళ్ల గీతలు పొలం గట్లయ్యేవి. వాటి మీద ఒకాయన కర్రతో, ఒకామె చెంబుతో నడిచిపోతుండేవాళ్లు. ఒక్కో మడిలో ఒక్కో రోజు నీళ్లు నిలబడి మెరిసేవి. గట్టు తెగి ఒక రోజు నీళ్లు ఇంకో రోజులోకి పారేవి. మెలకువ వచ్చాక ఏది గీసిందో, ఏది కలో నాకు సరిగా తెలిసేది కాదు. నన్నడిగితే ఇప్పటికీ తెలియదు.

ఆమెకు జబ్బు వచ్చిన సంగతి కూడా ఆ గోడే చెప్పింది. కొన్నాళ్లు గళ్లల్లో వట్టి గిన్నెలు, చిక్కుడుకాయలు, ఎండబెట్టిన వడియాలు. మనుషులు లేరు. అన్న రోజూ వచ్చి చూసి, వేలితో తట్టి, "ఏంది?" అనేవాడు. ఆమె పెసలు ఏరుతున్నట్టు తల వంచుకొనేది. ఎన్నాళ్లని తప్పించుకుంటుంది. అమావాస్య వచ్చింది. ఆ గడిలో అచ్చయి ఉన్న నల్లటి బిళ్ల చుట్టూ తన బొమ్మ గీసుకుంది, బిళ్ల సరిగ్గా రొమ్ము మీద పడేటట్టు. అన్న దాని మీద వేలు పెట్టాడు. ఆ వేలు చాలాసేపు తీయలేదు. తరువాత చెప్పులు వేసుకొని కర్ర తీసుకొని, "పా" అన్నాడు.

నాగ్‌పూర్ ఆస్పత్రికి ప్రతిసారీ ఆయన వెంట పోయాడు. ఎవరు వద్దన్నా వినలేదు. రైల్లో ఎవరిని ఎవరు తీసుకుపోతున్నారో ఎదురుగా కూర్చున్నవాళ్లకు తెలిసేది కాదట. ఇంటికొచ్చాక ఆమె ఆ రోజుల గళ్లను తీరుబడిగా నింపేది. సెలైన్ సీసాను పైనున్న తేదీ అంకెకు తగిలించి, దాని గొట్టం చివర తను. పక్కన స్టూలు మీద నిటారుగా నిలబడిన మీసం. ఇదివరకు మీసాన్ని చూసిన మేం ఇప్పుడు కొప్పును చూశాం. కొప్పు నిమ్మకాయంత అయ్యింది, మిరియం గింజంత అయ్యింది, పోయింది. ఒక గడిలో అన్న ఆమె బోడితలకు ఎడమ చేత్తో నూనె రాస్తున్నాడు. మరాఠీ అక్షరాల్లో ఆమె తెలుగు మాట, "దువ్వెన అసొంటిది ఏమన్న తెస్తివా?"

ఒకసారి నోరు ఊరుకోక, వచ్చే నెల ఏం గీస్తావు వదినా అన్నాను.

"జరిగింది గీస్త," అంది. "జరగంది గీస్తె అది క్యాలెండర్ గాదు, జాతకం. అది ఎనుక పేజీల ఉంటది, సదువుకో."

చివరి గడిలో ఏం గీసిందని అందరూ అడుగుతున్నారు. ఏదో గొప్పది ఉంటుందని. ఫ్యాన్ బాగుచేయడానికి వచ్చిన మనిషి నిచ్చెనెక్కి ఉన్నాడు. ఇద్దరు బోడితలవాళ్లు కింద నిలబడి పైకి చూస్తున్నారు. అంతే.

ఆదరణ కూడికకు, అంటే పోయినవాళ్ల కోసం చర్చివాళ్లు ఇంట్లో పెట్టే ప్రార్థనకు, ఫోటో కావలసి వచ్చింది. వాళ్ల బిడ్డ రాజురా నుంచి వచ్చి ఇల్లంతా వెతికింది. దొరికింది ఒక్క ఆధార్ కార్డు, అందులో వదిన ఎవరినో కొట్టి వచ్చినట్టుంది. అన్న మేకు నుంచి క్యాలెండర్ల కట్ట అంతా దించి ఒళ్లో పెట్టుకున్నాడు. పేజీలు తిప్పి తిప్పి, ఒక గడి మీద వేలు పెట్టి నాకు చూపించాడు. మోకాళ్ల మీద కూర్చొని తిడుతున్న వదిన, స్టూలు మీద ఆయన.

బిడ్డ బెదిరిపోయింది. "బాపూ, పాస్టర్ గారొస్తరు. అత్తగారోళ్లొస్తరు. బట్టల్లేని నీ బొమ్మకు దండేస్తరా? అమ్మ నవ్వుల పాలైతది. కాకా, నువ్వన్న చెప్పు."

నా మూడు వేల మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు. అన్న ఆమె తల మీద చెయ్యి వేసి, "అసూ దే" అన్నాడు.

జట్‌పురా గేటు దగ్గర స్టూడియోకి ఆటోలో పోయాం. ఆ కుర్రాడు గడిని స్కాన్ చేసి, తిథి, తేదీ, పాల గీత తీసేయనా అని మరాఠీలో అడిగాడు. దానికీ అదే జవాబు. అన్నీ ఉంచి, అగ్గిపెట్టె అంత గడిని తలుపంత చేసి ఇచ్చాడు.

కూడిక రోజు ఏడవడానికి సిద్ధపడి వచ్చినవాళ్లు గుమ్మంలో ఆగిపోయారు. ఎవరో ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. తరువాత అందరూ కొంచెం కొంచెం నవ్వారు, కళ్లు తుడుచుకుంటూనే. పాస్టర్ గారు కళ్లజోడు సర్దుకొని బొమ్మను చూశారు. చదవాలనుకున్న చోటు మార్చుకొని, బైబిల్లో యేసు శిష్యుల కాళ్లు కడిగిన భాగం తీసి చదివారు. అన్న బొమ్మ కిందే కుర్చీ వేసుకొని, తెల్ల చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకొని కూర్చున్నాడు. వచ్చినవాళ్లు బొమ్మను చూసి ఆయన్ను చూసేవాళ్లు. ఆయన తల దించుకోలేదు.

జనం పోయాక మా ఆవిడ బొమ్మ దగ్గరికి పోయి నిలబడింది. "గిది చూసినవా," అంది మెల్లగా. ఇన్నేళ్లు రోజూ ఆ గడి చూసినవాణ్ణే, అప్పుడు చూశాను. చిన్న గడిలో అది పెన్ను జారిన గీత అనుకున్నాం. పెద్దది చేసేసరికి తెలిసింది. నీళ్లు కారుతున్న స్టూలు మీద, చెంబు కింద తల వంచి కూర్చున్న మనిషి, తన మంచి చేతిని పైకెత్తి, తిడుతున్న ఆమె కొంగును తడవకుండా పట్టుకొని ఉన్నాడు.